నీళ్లు లేనప్పుడు చూసినవాళ్లు

ఆ రోజు చెరువు దగ్గర ఉన్నవాళ్లు, ఉన్నవి: మనుషులం ముగ్గురం, నేను, నా స్నేహితుడు, కుప్పం నుంచి వచ్చిన గైడు. గాలపు రాడ్లు రెండు. ఈకలతో, నూలుతో మేమే కట్టుకున్న ఈగలు ఒక డబ్బాలో ఇరవై ఆరు. నీళ్ల సీసాలు నాలుగు. కట్ట మీద మోటారు సైకిళ్లు రెండు. కట్ట అవతలి చివర బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు ఇద్దరు, వాళ్లు మావైపు చూడటం లేదు. సమయం ఉదయం ఎనిమిదీ నలభై. గాలి లేదు.

ఇది పోలీసు స్టేషన్లో నేను రాసిచ్చిన కాగితంలోని జాబితా. ఎస్సై చదివి, "ఏమప్పా, సీసాలు గూడా లెక్కపెట్టి రాసినావు. పిల్లోడు ఎట్ల మునిగినాడో మాత్రం రాయలేదే" అన్నాడు. చూడలేదు కాబట్టి రాయలేదు.

మాది మదనపల్లె. వాడిది తంబళ్లపల్లె దగ్గర పల్లె. ఇంజనీరింగులో నాలుగేళ్లు ఒకే గది, తర్వాత బెంగళూరులో ఒకే వీధిలో ఉద్యోగాలు. ఈ ఫ్లై ఫిషింగ్ పిచ్చి ఇద్దరికీ అక్కడే పట్టింది. ఇందులో ఎర ఉండదు. కొక్కేనికి ఈకలు చుట్టి పురుగులా చేస్తాం. బరువంతా దారంలోనే ఉంటుంది కాబట్టి ఆ దారాన్ని గాలిలో ముందుకూ వెనక్కూ ఊపి, పురుగు నీటిమీద వాలినట్టు వదలాలి. మోకాళ్ల లోతో నడుము లోతో నీళ్లలోకి దిగి నిలబడితేనే అది సరిగ్గా వాలుతుంది. ఆ ఏటి వానలకు పుంగనూరు వైపు చెరువులన్నీ నిండాయని తెలిసి, సెలవు చూసుకుని వెళ్లాం.

వాడు నాకు ఎడమవైపు పది మీటర్ల దూరంలో, నడుము లోతులో ఉన్నాడు. గైడు కట్ట దగ్గర చిక్కుపడిన దారం విప్పుతున్నాడు. నేను నా ఈగను చూస్తున్నాను. తల తిప్పేసరికి నీటి మీద వాడి టోపీ మాత్రం ఉంది. గైడు మూడుసార్లు మునిగి వెతికాడు. నీళ్లు బురదగా మారాయి, ఆ అలలకు టోపీ పక్కకు జరిగిపోయింది, ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నం వలలు లాగినప్పుడు దొరికాడు, వల వాడిని ఎక్కడ అందుకుందో ఎవరూ చూడలేదు.

కాగితంలో రాయనిది ఒకటుంది. తల తిప్పడానికి కొంచెం ముందు వాడు, "ఇంగొంచెం ముందుకు పోనా?" అని అడిగాడు. నేను వాడివైపు చూడకుండానే "పో" అన్నాను.

ఆ తర్వాత రెండేళ్లుగా నాకో అలవాటు పట్టుకుంది. ఎడమవైపు నుంచి ఎవరు పిలిచినా వెంటనే తల తిప్పలేను. ఒక క్షణం ఆగుతాను. ఆఫీసులో నా ఎడమవైపు కూర్చునే అమ్మాయి దీన్ని గమనించి కుర్చీ కుడివైపుకు మార్చుకుంది. ఎందుకని ఆమె అడగలేదు.

ఇక ఊళ్లో మాటలు. చనిపోవడానికి నెల ముందు వాడి ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు, నాకు మాత్రమే తెలుసు. కర్మంతరాలకు వచ్చిన బెంగళూరు వాళ్ల నోట అది బయటపడింది. అంతే, జారినవాడు కాస్తా కావాలనే నడుచుకుంటూ పోయినవాడయ్యాడు. ఈత రాదు, ఉద్యోగం లేదు, చెరువు నిండా నీళ్లు. ఊరు కూడుకుని లెక్క తేల్చేసింది.

ఈ ఏడాది వేసవికి ముందు వాళ్ల నాన్న తంబళ్లపల్లె బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. వేరుశనగ పండించే రైతు, బోరు కింద రెండెకరాలు. మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, నాతో అన్నాడు.

"నన్ను ఆ చెరువుకాడికి పిలుచుకోని పోవాలప్పా. ఆ పొద్దు మీరు ఏం చేస్తాండిరో అట్లనే చేయాల. ఆ కట్టె పట్టుకోని, ఆ ఈగెలు యిసురుకుంటా. వాడు యాడ నిలబడినాడో, ఆడ నేల ఎట్లుండాదో నాకు తెలియాల."

"చెరువు ఎండినాక పోదాం మామా. ఎండితే కంటికే కనపడుతుంది."

"ఎప్పుడు ఎండేది? రెండేండ్లుగా ఎండలే. మీ అత్త దినామూ అడుగుతాండాది. జారినాడా, పోయినాడా అని. సంగటి కెలుకుతా అడుగుతాది. ఆవుకు కుడితి పెడతా అడుగుతాది. నాకాడ జవాబు లేదప్పా."

ఆయన అడిగిన ప్రశ్నకు చెరువు అడుగునే జవాబు ఉంది. మా వైపు చెరువులు ఏళ్ల తరబడి ఎండిపోతాయి. ఆ చెరువు నిండక ముందు ఆరేడేళ్లు చుక్క నీళ్లు లేవు. అలాంటప్పుడు రైతులు ఒండ్రు మట్టిని పొలాలకు తోలుకుంటారు, ఇటుక బట్టీల వాళ్లు మిషన్లు దించి బంకమట్టి తవ్వుకుపోతారు. గుంటల అంచులు గోడల్లా నిలువుగా ఉంటాయి. వాన వచ్చి చెరువు నిండితే పైన అంతా ఒకే నీళ్లు. వాడు నిలబడిన చోటు ముందు అలాంటి గుంట ఉంటే, అది కాలుజారడం. లేకపోతే, నేల మెల్లగా వాలుతూ పోతే, నడుము లోతు నుంచి తల మునిగే దాకా చాలా అడుగులు వేయాలి. అన్ని అడుగులు ఎవరూ పొరపాటున వేయరు.

గుంట ఉంటే వాళ్ల అమ్మకు జవాబు దొరుకుతుంది. గుంట ఉంటే, దాని అంచు దాకా ఆ ఒకటి రెండడుగులు వాడు వేసింది నన్ను అడిగి, నేను పొమ్మంటే. లేకపోతే నా మాటకు అంత బరువు లేదు. ఏది దొరకాలని కోరుకోవాలో తెలియకుండానే నేను ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక మళ్లీ గైడును వెతకాల్సి వచ్చింది. మొదటిసారి గైడును ఎంచినది నేనే. ఒక పట్టిక వేశాను. అనుభవం, సామాను, వీడియోలు, ఇంగ్లీషు, మెసేజికి జవాబిచ్చే వేగం, దూరం. ఒక్కో గడికి మార్కులు, మొత్తం నూటికి. కుప్పం అతనికి ఎనభై ఆరు వచ్చాయి. మదనపల్లెలో గాలాలమ్మే సాయిబుకు అరవై ఒకటి. అప్పట్లో ఆ పట్టిక చూసి నా స్నేహితుడు, "పెండ్లిసూపులకు గూడా ఇంత చూడరురా" అని నవ్వాడు. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తెరిచినప్పుడల్లా ఎనభై ఆరు దగ్గరే కళ్లు ఆగుతాయి. కూడిక తప్పు కాదు. మూడుసార్లు సరిచూశాను.

ముందు కుప్పం వెళ్లాను. పలమనేరు, వెంకటగిరికోట మీదుగా బస్సు. రైల్వే స్టేషను దగ్గర టీ కొట్లో కలిశాడు. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. అప్పటికంటే బాగా చిక్కాడు.

"నేనిప్పుడు ఎవర్నీ నీళ్లలో దించడం లేదన్నా" అన్నాడు. "మామిడి తోటలో, గడ్డి మీద, విసరడం ఒకటే నేర్పిస్తాండా. కొక్కెం లేకుండా."

వచ్చిన పని చెప్పాను. టీ గ్లాసు పక్కకు జరిపాడు.

"నన్ను పెట్టుకోవద్దన్నా. భయమై కాదు. ఆ చెరువును నేను నిండినాకనే చూసినా. చేప యాడ తిరుగుతాదో పైన చూసి చెప్పేస్తా. కింద ఏముండాదో నీళ్లు చెప్పవు. అది ఎండినప్పుడు చూసినావా అని నువ్వు నన్ను అడగలే. చూడలేదని నేనూ చెప్పలే."

బస్సులో తిరిగి వస్తూ పట్టికలో కొత్త గడి ఒకటి రాసుకున్నాను: ఎండినప్పుడు చూశారా? దాని కింద మార్కులు ఎన్ని వేయాలో తెలియక, మిగతా గడులన్నీ కొట్టేశాను.

మదనపల్లె సాయిబు కొట్టు బజారు వెనక సందులో ఉంది. గాలాలు, వలలు, వాటితోబాటు గొడుగుల రిపేరు. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల చెరువుల్లో గాలం వేస్తున్న మనిషి. మొదటిసారి ఆయన్ను ఎందుకు పిలవలేదో దాచకుండా చెప్పాను, పట్టిక సంగతితో సహా.

"మార్కులేసి నన్ను ఫెయిలు చేసినావా!" అని గొడుగు పుల్ల కింద పెట్టాడు. "ఎంత వేసినావ్?"

"అరవై ఒకటి."

"అరే భాయ్, అది ఫస్టు క్లాసు కదా!"

ఇద్దరం నవ్వాం. రెండేళ్లలో ఆ చెరువు గురించి మాట్లాడుతూ నేను నవ్వడం అదే మొదటిసారి. నవ్విన వెంటనే తప్పు చేసినట్టనిపించింది. ఆయన అది కనిపెట్టి గొంతు తగ్గించాడు.

"చూడు బేటా. చేపకి గైడు వేరే, చెరువుకి గైడు వేరే. నేను చేప మనిషిని. అది ఎండి ఉన్నప్పుడు నేను ఆడికి ఎందుకు పోతా? గాలమేసేటోడికి ఎండిన చెరువులో ఏం పని? అన్ని ఏండ్లు దాంట్లో ఎవరు తిరిగినారో ఆలోచించు. గొర్రెలోళ్లు. వాళ్లనడుగు, పో."

పుంగనూరు వైపు ఆ చెరువు వెనక పల్లెలో ముగ్గురిని అడిగాను. ముగ్గురూ ఒకరినే చెప్పారు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. కట్ట వాలు మీద గొర్రెలను మేపుతోంది, భుజాన గొంగడి, చేతిలో కట్టె. చేపలు పట్టడానికి గైడు కావాలని నేను మొదలుపెట్టగానే నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"చేపలు పట్టేదానికి గొర్రెలామె కావాల్నా? ఏం సదువుకున్నావప్పా?"

"ఇంజనీరింగు."

"అందుకే."

పుస్తకంలో ఎనిమిది ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. ఈత వచ్చా? రాదు. చేపలు పట్టడం తెలుసా? చేపల వాసనే గిట్టదు. ఫ్లై ఫిషింగ్ ఎప్పుడైనా చూశారా? డబ్బా తెరిచి ఒక ఈగను చూపించాను. అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "కోడీక. దీన్ని సూసి చేప మోసపోతాదా? మోసపోతే అది చేప తప్పే" అని తిరిగిచ్చేసింది. నా పాత పట్టికలో ఆమెకు నూటికి నాలుగు వచ్చేవి, అవి కూడా దూరానికి.

అసలు విషయం అప్పుడు చెప్పాను. ఆమె కట్టె మీద చేతులు ఆనించి నిలబడింది.

"ఆ పొద్దు పోయిన పిల్లోడి నాయన వస్తాడా?"

"వస్తాడు."

"అట్లయితే సెప్తా, కూసో." కూర్చున్నాను. "ఏడేండ్లు దీంట్లోనే మేపినా. ఇంట్లోకన్నా ఈడనే ఎక్కువుంటి. ముండ్లు యాడ, గుంట యాడ, ఏ గుంటలో ఎన్నాళ్లు నీళ్లు నిలుస్తాయి, అన్నీ కాళ్లకు తెలుసు. బట్టీ వాళ్లు కోసిన గుంటల్లో మూడు గొర్రెపిల్లలు పడినాయి నావి. గోడ మాదిరి కోసినారు. మిషను పండ్ల గీతలు గూడా కనపడతాండె. పైకి ఎక్కేదానికి లేదు. తాడేసి లాక్కుంటి."

వాడు నిలబడిన చోటు చూపించమంది. నా ఫోనులో ఒక ఫోటో ఉంది, ఆ ఉదయం ఎనిమిదీ ముప్పై ఒకటికి నేను తీసినది. వాడు నడుము లోతులో రాడ్డు ఎత్తి నవ్వుతున్నాడు. వెనక తూము స్తంభం, సరిగ్గా దాని మీద దూరపు గుట్ట కొస. రెండేళ్లలో ఆ ఫోటోను చాలాసార్లు చూశాను, కానీ వాడి ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు. ఆమె ముఖం వైపు చూడనే లేదు. వేలితో తూమును, గుట్టను చూపించింది.

"గుట్ట కొస తూము మీదికి వచ్చే బాటలో రెండు గుంటలుండె. ఒకటి మా ఊరోళ్లు పూడ్సినారు. ఒకటి పూడ్సలే. వాన రాకముందు మిషనోళ్లు మళ్లా వచ్చిపోయిరి, ఏం చేసిరో అంతా నేను సూడలే. ఉండాదని ఇప్పుడే సెప్పను. లేదనీ సెప్పను. ఆ నాయనకు అబద్ధం సెప్పేది నాతో కాదు. కొలిసే సూడాల."

నాకు గైడు దొరికింది.

వారం తర్వాత ఒక ఆదివారం ఉదయం చెరువు దగ్గర కలిశాం. మామ ఒక తాడు తెచ్చాడు, బోరు మోటారును పైకి లాగే నైలాను తాడు. నేను మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే ఇనుప గుండుకు సన్నటి తాడు కట్టి, అడుగుకొక ముడి వేసి తెచ్చాను. ముందు, ఆ రోజు నేను నిలబడిన చోటే నీళ్లలోకి దిగి, ఆయన అడిగినట్టు రాడ్డుతో ఈగను విసిరాను. రెండేళ్ల తర్వాత మొదటిసారి. దారం వంకరగా పడింది.

"గొర్రెను అదిలించినట్టుండాది" అంది గొర్రెలామె.

"వాడు బాగా యిసురుతాండెనా?" మామ అడిగాడు.

"నాకంటే బాగా, మామా."

ఆయన నా చేయి వైపే చూస్తున్నాడు. నేను ఆ చేతిని ఆపలేక, ఇంకా రెండుసార్లు విసిరాను. మూడోసారి విసరబోతుంటే ఎడమవైపు నీళ్లు కదిలిన చప్పుడైంది. తల తిప్పడానికి ఒక క్షణం ఆగాను. తిప్పితే ఏమీ లేదు, బుడుబుంగ పిట్ట ఒకటి మునిగి అవతల తేలింది.

వాడు నిలబడిన చోటుకు వెళ్లాలి. ఒడ్డుకు వచ్చి రాడ్డు పక్కన పెట్టాను. మామ తన చేతులతోనే నా నడుముకు తాడు చుట్టాడు. ఆయన తల నా ఛాతీ దగ్గర ఉంది, ముఖం కనపడటం లేదు. అప్పుడు చెప్పగలిగాను.

"మామా, వాడు నన్ను అడిగినాడు. ఇంకొంచెం ముందుకు పోనా అని. నేను పో అన్నాను. వాడివైపు చూడకుండా."

ఆయన చేతులు ఆగాయి. గొర్రెలామె చెరువు వైపు తిరిగి నిలబడింది. ఆయన మళ్లీ ముడి బిగించడం మొదలుపెట్టాడు. ఒక ముడి వేశాడు. దాని మీద ఇంకోటి వేశాడు. రెండు వేళ్లు తాడు కింద దూర్చి చూశాడు.

"ఊపిరాడుతాండాదా?"

"ఆడుతోంది."

"వొదలను. పో."

తాడు రెండో కొసను తన నడుముకు చుట్టుకుని, మడమలు కట్ట రాళ్లకు తన్నిపెట్టి కూర్చున్నాడు.

గొర్రెలామె వాలు మీదికి ఎక్కి, తూమును, గుట్టను చూస్తూ దారి చెప్పింది. "ఎడమకు పో. ఇంగ. ఇంగ కొంచెం. ఆగు. ఇప్పుడు నువ్వు సూడు, కొస తూము మీదికొచ్చిందా?" వచ్చింది. నీళ్లు మోకాళ్లు దాటాయి, తొడలు దాటాయి, నడుము దగ్గర ఆగాయి. ఫోటోలో వాడి చొక్కా ఎక్కడి దాకా తడిసి ఉందో నా చొక్కా కూడా అక్కడి దాకానే తడిసింది. గొర్రెలామె ఇచ్చిన కట్టెతో చుట్టూ పొడిచి చూశాను. గట్టి నేల. చదునుగా ఉంది. వాలే లేదు.

ముందు కట్టె, వెనక కాలు. మొదటి అడుగు వేశాను. నేల అలాగే ఉంది. పూడ్చిన గుంట మీద ఉన్నానేమో, నేల ఇలాగే పోతుందేమో అనిపించింది. వెనక్కి చూశాను. మామ తాడును రెండు చేతులతో పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

రెండో అడుగుకు కట్టె ముందుకు చాచాను. అది దిగింది. నా చేయి మోచేతి దాకా, భుజం దాకా నీళ్లలోకి పోయినా ఇంకా దిగుతూనే ఉంది. ఆగి, కాలి బొటనవేలితో తడిమాను. నేల అక్కడ తెగిపోయింది. కత్తితో కోసినట్టు, కింద ఏమీ లేకుండా.

గుండును అంచు అవతల వదిలాను. తాడు వేళ్ల మధ్య నుంచి జారింది. ముడులు ఒక్కొక్కటే తగులుతూ పోయాయి. గుండు నేలను తాకగానే తాడు వదులైంది. పైకి లాగి మళ్లీ వదిలాను. పక్కకు ఒక అర అడుగు జరిపి ఇంకోసారి వదిలాను.

"ఎంతుండాదప్పా?" మామ కట్ట మీద నుంచి అరిచాడు.

మూడుసార్లూ ఒకే లెక్క వచ్చింది. పదిహేడు అడుగులు.